మీ అమ్మ అడిగినదానికి జవాబు రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రే చదివాను. భాష బాగుంది. కానీ రెండో పేజీలో ఒకచోట నాకు నిజంగానే కోపం వచ్చింది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో, వైన్ చేసే వెంటీ కుటుంబం వాళ్ల ద్రాక్ష తోటలోకి అడుగుపెట్టగానే మీ అమ్మ "ఇదేందిరా, ద్రాక్షకు పందిరి ఎయ్యలే? అన్నీ నడుమెత్తులనే ఉన్నయ్?" అని అడిగారు. నువ్వేమో "అమ్మ మాటకు అందరం నవ్వుకుని లోపలికి నడిచాం, అక్కడి ఆంబియెన్స్ మాటల్లో చెప్పలేనిది" అని రాసి ముందుకెళ్లిపోయావు. మాటల్లో చెప్పలేనప్పుడు నాలుగు పేజీలు ఎందుకు రాసినట్టు? పైగా ఆమె నాన్నకు శామీర్‌పేట దగ్గర ద్రాక్ష తోట ఉండేదన్న సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు, నాకు పెట్టిన మెయిల్‌లో చివర ఒక ముక్క రాశావంతే. ఆ రోజు ఆ తోటలో ద్రాక్ష తీగను చేత్తో ఎరిగిన మనిషి మీ అందరిలోకీ ఆమె ఒక్కతే.

ఆమె అడిగింది చాలా మంచి ప్రశ్న. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి, థాంసన్ సీడ్‌లెస్ లాంటి తినే ద్రాక్ష రకాలు పండించినవాళ్లు తీగను మనిషి ఎత్తు దాటించి పందిరి మీదికి పాకించేవాళ్లు. మన ఎండకు తీగ నిద్రపోదు, ఏడాదంతా చిగురేస్తూనే ఉంటుంది, పాకడానికి దానికి చోటు కావాలి, కింద వేలాడే గుత్తులకు ఆకుల నీడ కావాలి. అందుకే మన దగ్గర ఏటా రెండు కత్తిరింపులు, కోత అయిపోయాక ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, మళ్లీ కాపు కోసం అక్టోబర్‌లో ఒకటి. లివర్‌మోర్‌లో చలికాలం రాగానే ఆకంతా రాలి తీగ నిద్రలోకి పోతుంది, ఆ నిద్రలో ఉండగానే ఒక్కసారి కత్తిరిస్తారు. వైన్‌కు కాయ పెద్దదై రసం కారాల్సిన పని లేదు. చిన్న కాయ, మందపు తోలు, లోపల గింజ, చెట్టుకు తక్కువ గుత్తులు, అదీ వాళ్లకు కావలసింది. అందుకని కొమ్మలను ఇనుప తీగెల వెంట నిలువుగా కట్టి గుత్తుల మీద వెలుతురు పడనిస్తారు. ఆ లోయ తూర్పు పడమరలుగా సాగుతుంది కాబట్టి పగలు ఎంత కాగినా సాయంత్రానికి శాన్‌ఫ్రాన్సిస్కో బే మీది చల్లగాలి లోపలికి వచ్చేస్తుంది. నేలంతా గులకరాళ్లు, నీళ్లు నిలవవు. వడ్డించడానికి వచ్చిన మనిషిని రెండు నిమిషాలు ఆపి అడిగితే ఇదంతా చెప్పేవాళ్లే కదా?

నేను ఎప్పటినుంచో చెబుతున్నది ఇదే, ఎంతమంది విసుక్కున్నా చెబుతూనే ఉంటాను. ప్రయాణం గురించి రాసేవాడికి కళ్లకంటే ముందు నోరు పనిచెయ్యాలి. చూసింది ఈ రోజుల్లో ఫోన్ కూడా చూపిస్తుంది. నువ్వు ఎవరిని ఏం అడిగావు, వాళ్లేం చెప్పారు, చెప్పేటప్పుడు వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయి, అది నువ్వు తప్ప ఇంకెవరూ తేలేరు. నీ వ్యాసంలో ఇరవైకి పైగా విశేషణాలున్నాయి, ఒక్క పనివాడు లేడు.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో కల్లు గీత మీద ఒక వ్యాసం రాశాను. తెల్లవారకముందే గీత కార్మికుడి వెంట వెళ్లి, మోకు నడుముకు ఎలా బిగిస్తాడో, మట్ట మీద కాలు ఎక్కడ ఆనిస్తాడో, లొట్టి దించాక గెలను మళ్లీ ఎంత పల్చగా చెక్కుతాడో అన్నీ అడిగి రాసుకున్నాను. గోరు మందం కూడా ఉండదు ఆ చెక్కు, ఎక్కువ కోస్తే ధార ఆగిపోతుందని చెప్పాడు. పంపితే ఒక వారపత్రిక సంపాదకుడు మనిషిని మొత్తం తీసేసి తాటివనం మీద సూర్యోదయాన్ని మాత్రం ఉంచాడు. ఎందుకండీ అంటే పాఠకులకు ఆహ్లాదం కావాలన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది నాకు. ఆ తర్వాత ఫోటోలు పది, మాటలు మూడొందలు అనే కాలం వచ్చింది. తాగుడు ప్రస్తావన ఉంటే ఫ్యామిలీ పాఠకులు ఏమనుకుంటారో అని వణికేవాళ్లూ తగిలారు. వాళ్లకోసం నువ్వు ఇప్పటినుంచే కత్తిరించుకుని రాయకు. ఆ రోజు పొద్దున లివర్‌మోర్ శివ విష్ణు ఆలయంలో దర్శనం చేసుకుని, అట్నుంచి అటే వైనరీకి వెళ్లామని మెయిల్‌లో రాశావు, వ్యాసంలో గుడి మాయం. పెట్టు. ఆ ఊళ్లో తెలుగువాళ్ల ఆదివారం నిజంగా ఎలా గడుస్తుందో అందులో కనిపిస్తుంది.

ఇక చరిత్ర. 1883లో సి. హెచ్. వెంటీ అనే జర్మన్ వలసదారు మొదలుపెట్టాడు, ఇప్పుడు ఐదో తరం నడుపుతోంది, 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం, అన్నీ ఒకే పేరాలో కుక్కి పారేశావు. అందులో ఒక్కటి కూడా మీరు అక్కడ తిన్న భోజనం బల్ల దాకా రాలేదు. మీకు మొదట పోసింది చార్డనే, అదే పేరున్న ద్రాక్షతో చేసే తెల్ల వైన్. 1912లో ఆ ఇంటి కొడుకు ఎర్నెస్ట్ ఫ్రాన్స్‌లోని మాంపెల్లియే నుంచి చార్డనే కొమ్మలు తెప్పించి నాటాడు. ఈ రోజు కాలిఫోర్నియాలో ఉన్న చార్డనేలో చాలా భాగం వీళ్ల తోట కొమ్మల సంతతే. నిషేధం నడిచిన ఆ పదమూడేళ్లూ చర్చి పూజలకు వాడే వైన్ చేసుకుంటూ నిలబడ్డారు కాబట్టి తోట మిగిలింది. గ్లాసు చేతిలోకి వచ్చిన క్షణంలో ఇది చెబితే పాఠకుడు కూడా ఒక గుక్క ఆగి చూస్తాడు.

భోజనం సంగతి కూడా అంతే. "పుట్టగొడుగుల రిసొట్టోతో చార్డనే అద్భుతంగా కుదిరింది" అన్నావు. వెన్న వేసి మెత్తగా ఉడికించే ఆ ఇటాలియన్ అన్నంతో అది ఎందుకు కుదిరింది? ఆ వైన్‌లోని మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ మార్పులోనే వెన్న వాసన పుడుతుంది, రిసొట్టోలోనూ వెన్నే. మిగిలిన పులుపు ఆ జిడ్డును నాలుక మీద నిలవనివ్వదు. కాబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్ ఉత్తగా తాగితే నోరు పిడచకట్టింది, మాంసం ముక్కతో తాగితే హాయిగా ఉందని రాశావు చూడు, అది నీ సొంత నోటితో తెలుసుకున్నది, వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదే. ద్రాక్ష తోలు నుంచీ గింజ నుంచీ వచ్చే టానిన్ అనే వగరు పదార్థం నోట్లోని లాలాజలపు ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, అందుకే ఆ వగరు. మాంసంలో ప్రొటీన్ దొరికితే దాన్ని పట్టుకుని నీ నోటిని వదిలేస్తుంది. పేపరు మీద వాళ్లు అచ్చువేసిచ్చిన పియర్, వెనిలా, ఓక్ వాసనల జాబితా మాత్రం తీసెయ్. ఆ వాసనలు నీకు నిజంగా తగిలాయా? మీ అమ్మ తాగలేదు, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కింద పెట్టేశారని రాశావు. ఏం వాసన వచ్చిందో ఆమెను అడిగావా?

ఈ శనివారం ఆమెకు ఫోన్ చెయ్యి. తాత తోటలో గుంజలు రాతివా, కర్రవా, ఏ రకం వేశారు, కత్తిరింపుకు కూలీలు ఏ ఊరి నుంచి వచ్చేవాళ్లు, గుత్తులు ఎందులో సర్ది మార్కెట్‌కు పంపేవాళ్లు, తోట ఏ ఏడు తీసేశారు, ఎందుకు తీసేశారు, ఇప్పుడక్కడ ఏముంది, అన్నీ అడుగు. ఆ చుట్టుపక్కల తోటలు చాలావరకు ప్లాట్లయిపోయాయి, అవి చూసినవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు, అడగడం ఆలస్యం చెయ్యకు. ఐదో తరం నడుపుతున్న తోటలో నిలబడి, ఒక తరంతోనే పోయిన తోట గురించి ఆలోచిస్తున్న మనిషి నీ పక్కనే ఉంది కదరా!

పుస్తకం ఎప్పుడు వేసుకోవచ్చు అన్నావు, అది ఇప్పుడు మాట్లాడుకోవాల్సిన విషయం కాదు. మళ్లీ రాసి పంపు, రెండువేల మాటలు దాటినా పర్లేదు. ఫోటోలు వద్దు.

మీ అన్న