ఎరుపును కాసేపు ఆపు

చిరంజీవికి,

స్పానిష్ డాన్సర్ అనే సీ స్లగ్ (చిప్ప లేని సముద్రపు నత్త) మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే కుంకుమ, మంకెన, నిప్పు, నెత్తురు అన్నీ ఖర్చు పెట్టేశావు. రంగు కనిపించింది గానీ ప్రాణి కనిపించలేదు.

నిజానికి ఆ సీ స్లగ్ తన ఎరుపును అస్తమానం చూపించదు. పాకేటప్పుడు మాంటిల్ (వీపును కప్పే చర్మపు పొర) అంచులను వీపు మీదికి చుట్టేసుకుంటుంది. ఎవరైనా కదిలిస్తే విప్పుతుంది, ఎరుపూ తెలుపూ ఒక్కసారిగా బయటపడతాయి. ఇంకా వదలకపోతే ఒళ్లు ఊపుతూ ఈదేస్తుంది. దాని కళ్లకు వెలుతురూ చీకటీ తప్ప పెద్దగా ఏమీ తెలియవు. తల మీది కొమ్ముల్లాంటి రైనోఫోర్లతో వాసన పట్టి తిండి వెతుక్కుంటుంది. కాబట్టి 'తన అందానికి తానే మురిసిపోతూ' అన్న వాక్యం కొట్టెయ్!

అసలు కథ తిండిలో ఉంది, దాన్ని నువ్వు రెండు ముక్కల్లో తేల్చేశావు. ఇది స్పాంజిలను తింటుంది. వాటిలోని మాక్రోలైడ్ అనే రసాయనాలను కాస్త మార్చి తన ఒంట్లో దాచుకుంటుంది, గుడ్లకూ పంచుతుంది. ఆ రసాయనాలున్న తిండిని చేపలు ముట్టవని 1988లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. తిండే ఆయుధం అవుతోందన్నమాట. పేజీ మొత్తం ఇక్కడ ఖర్చు పెట్టు.

'దీనికి శత్రువులే లేరు' అనీ రాశావు. గులాబీలా చుట్టుకున్న ఆ ఎర్రటి గుడ్ల రిబ్బను ఉంది చూడు, దాన్ని ఫేవోరినస్ అనే చిన్న సీ స్లగ్ హాయిగా తింటుంది. అంత విషం పెట్టి కాపాడుకున్న గుడ్లను ఇంకో సీ స్లగ్గే తినడం! ఇలాంటి అడ్డం తిరిగే వివరం దొరికితే వదలకు. స్పానిష్ డాన్సర్‌ను 1830లో రూపెల్, ల్యూకార్ట్ అనే శాస్త్రవేత్తలు ఎర్ర సముద్రం నుంచి వర్ణించారన్న చరిత్రకు మాత్రం ఒక్క వాక్యం చాలు, నువ్విచ్చిన అర పేజీ బోరు. దాని మొప్పల దగ్గర మకాం పెట్టే ఎంపరర్ ష్రింప్ అనే చిన్న రొయ్య పేరా బాగుంది, ముట్టుకోకు.

ఇంకొకటి. ఆ ఎరుపు శత్రువులకు హెచ్చరిక అని చాలామంది లాగే నువ్వూ రాశావు. కానీ లోతుకు వెళ్లేకొద్దీ నీళ్లు ముందుగా ఎర్ర వెలుతురునే మింగేస్తాయి. పైగా ఇది ఎక్కువగా రాత్రిపూట తిరిగే ప్రాణి. డైవర్ల టార్చి లేనప్పుడు ఆ ఎరుపు ఏ చేపకు, ఎంతవరకు కనబడుతుంది? రెండో డ్రాఫ్టు ఈ ప్రశ్నతో మొదలుపెట్టి పంపు.

ఆశీస్సులతో