బేస్ క్యాబినెట్ కట్టే ముందు స్పీకర్ సంగతి తేల్చుకో

చిట్టితల్లీ,

బేస్ గిటార్‌కి స్పీకర్ క్యాబినెట్ ఇంట్లోనే కట్టుకుంటానంటున్నావట, వడ్రంగితో కూడా మాట్లాడేశావట. అక్క ఫోన్‌లో చెప్పింది. ముందు ఆ వడ్రంగిని కొన్నాళ్లు ఆగమను. ఏ స్పీకర్ పెడతావో తేలితే గాని పెట్టె కొలతలు తేలవు.

మన దగ్గర చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఎక్కడో చూసిన క్యాబినెట్ నచ్చుతుంది, ఆ సైజులో పెట్టె చేయిస్తారు, తర్వాత బజారుకెళ్లి రంధ్రంలో పట్టే స్పీకర్ ఏదో తెచ్చి బిగిస్తారు. శబ్దం రాదని కాదు, వస్తుంది. కానీ ఒక నోటు కిటికీలు అదిరేలా మోగుతుంది, దాని పక్క నోటు ఎక్కడుందో వెతుక్కోవాలి. డ్రమ్మర్ నీ వైపు తిరిగి చూస్తాడు, తప్పు నీదే అన్నట్టు.

ఇంకో మాట. డబ్బు మిగులుతుందని మొదలుపెడుతుంటే ఇప్పుడే మానేయ్. మంచి స్పీకర్, మంచి ప్లైవుడ్, హ్యాండిళ్లు, గ్రిల్, కూలీ అన్నీ కలిపి చూస్తే, సెకండ్ హ్యాండ్‌లో దొరికే కంపెనీ క్యాబినెట్‌తో పెద్ద తేడా ఉండదు. ఆటోలో పట్టే సైజు, నువ్వు ఒక్కదానివే ఎత్తగల బరువు, నీకు నచ్చిన టోన్ కావాలనుకుంటే మాత్రం చెయ్. చర్చికీ ప్రోగ్రాములకీ మోసుకెళ్లేది నువ్వే కదా.

అసలు పెట్టె ఎందుకో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. నీ బేస్‌లో లావు తీగ, ఓపెన్ ఇ, సుమారు 41 హెర్ట్జ్. ఐదు తీగల బేస్ అయితే కింది బి 31 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 41 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. స్పీకర్ మధ్యలో ముందుకూ వెనక్కీ కదిలే గరాటులాంటి కోను ముందుకు వచ్చినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. వెనక పుట్టే అంత పొడవైన అల చిన్న చెక్కను సులువుగా చుట్టేసుకుని వచ్చి ముందుదాన్ని చెరిపేస్తుంది. ఆ వెనక శబ్దాన్ని బంధించడమో, దాన్ని పనికొచ్చేలా మలుచుకోవడమో పెట్టె చేసే పని.

పూర్తిగా బంధిస్తే సీల్డ్ బాక్స్. గొట్టం పెట్టి కొంత బయటికి వదిలితే పోర్టెడ్. ఖాళీ సోడా బుడ్డి మూతి మీద ఊదితే ఒక స్వరం వస్తుంది చూడు, పోర్ట్ పనిచేసేది అలాగే. బుడ్డి పరిమాణాన్ని బట్టి, మెడ పొడవు, వెడల్పులను బట్టి ఆ స్వరం మారుతుంది.

ఏ స్పీకర్‌కి ఏ పెట్టె కుదురుతుందో లెక్కకట్టే దారిని 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ చూపించాడు. 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని పూర్తి చేశాడు. అందుకే ఆ అంకెలకు థీల్-స్మాల్ పారామీటర్లని పేరు. ఎమినెన్స్, సెలెస్టియన్ లాంటి స్పీకర్ కంపెనీలు వీటిని స్పీకర్ వివరాల కాగితంలో, అంటే డేటా షీట్‌లో ఇస్తాయి. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, డేటా షీట్ లేని స్పీకర్ జోలికి పోకు. స్టిక్కర్ మీద వెయ్యి వాట్లని రాసినా సరే. కారు సబ్‌వూఫర్ కూడా వద్దు. దానికి మిడ్, అంటే మధ్య స్థాయి స్వరాలు, సరిగ్గా పలకవు, అదే వాట్లకు శబ్దమూ తక్కువ.

షీట్‌లో ఎఫ్ఎస్ (Fs, స్పీకర్ తనంతట తాను ఊగే హెర్ట్జ్) అనే అంకెని క్యూఈఎస్ (Qes, ఆ ఊపుని మ్యాగ్నెట్, కాయిల్ ఎంత అదుపు చేస్తాయో చెప్పేది) అనే అంకెతో భాగించు. 50 దగ్గరో, అంతకంటే తక్కువో వస్తే సీల్డ్‌కి, 100 దగ్గరో, ఇంకా ఎక్కువో వస్తే పోర్టెడ్‌కి మొగ్గు. మధ్యలో ఉంటే రెండూ చేసి చూడొచ్చు. తర్వాత విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అంకెలన్నీ వేసి గ్రాఫ్ చూడు. అందులో కోను ఎంత కదులుతోందో చూపే గ్రాఫ్ ఉంటుంది. అందరూ వదిలేసేది అదే. షీట్ మీద 400 వాట్లు ఉన్నా, కింది నోట్ల దగ్గర అందులో సగానికే కోను కదలిక ఎక్స్‌మ్యాక్స్ (షీట్‌లో ఇచ్చే కదలిక హద్దు) దాటిపోవచ్చు. పైగా పోర్టెడ్ పెట్టెలో ట్యూనింగ్ కంటే, అంటే ఆ పెట్టె బుడ్డిలా పలికే స్వరం కంటే, కింది శబ్దాలకు కోనుకి పట్టు ఉండదు, ఊరికే ఊగిపోతుంది. యాంప్లిఫయర్‌కి (యాంప్‌కి) ముందు, మరీ కింది శబ్దాల్ని ఆపేసే హైపాస్ ఫిల్టర్ ఒకటి పెడితే స్పీకర్ చాలాకాలం బతుకుతుంది.

41 హెర్ట్జ్ కచ్చితంగా పలకాలని మాత్రం టెన్షన్ పడకు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బేస్ యాంప్‌తో వాడే పెట్టెలో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉంటాయి, అది సీల్డ్. ఆ లోతుకి చేరక ముందే దాని శబ్దం తగ్గిపోతుంది. అయినా రాక్ బేస్ అంటే ఆ శబ్దమే అందరికీ గుర్తు. మనం బేస్‌లో వినేదాంట్లో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు హెర్ట్జ్‌లో పలికేది), ఆ పైవే. ఆ ఆంపెగ్ పెట్టె బరువు అరవై కిలోలు దాటుతుంది, అది వేరే సంగతి.

ఇక కొలతలు. పన్నెండు అంగుళాల స్పీకర్‌కి పెట్టె లోపల 80 లీటర్ల చోటు, 45 హెర్ట్జ్ ట్యూనింగ్ కావాలని తేలిందనుకో. పోర్ట్‌గా పది సెంటీమీటర్ల లోపలి వ్యాసమున్న పీవీసీ పైపు ఒక్కటే పెడితే పొడవు ఏడు సెంటీమీటర్లు చాలు. కానీ గట్టిగా వాయిస్తే అంత చిన్న దారిలో గాలి బుస్సుమంటుంది. రెండు పైపులు పెట్టు. అప్పుడు ఒక్కోటి 22 సెంటీమీటర్లు కావాలి. పైపులు పెరిగితే పొడవు తగ్గుతుందనుకుంటారు, జరిగేది దానికి తిరగబడి. లోపలి కొలత 60×40×36 సెంటీమీటర్లు పెడితే 86 లీటర్లు వస్తుంది. పైపులు తినే నాలుగు లీటర్లు, మ్యాగ్నెట్, అడ్డపట్టీలు తినేది తీసేస్తే 80 దగ్గరికి వస్తుంది.

చెక్క సంగతి. విశాఖలో సముద్రపు గాలికి ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే పలక) ఉబ్బుతుంది, స్క్రూ పట్టు వదిలేస్తుంది, బరువు కూడా. ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లై 18 ఎంఎం తీసుకో. కొనేటప్పుడు షీట్ అంచు చూడు. పొరల మధ్య ఖాళీలుంటే బేస్ వాయించినప్పుడు ఆ చోటే జివ్వుమంటుంది. ముక్కలు షాపులోనే పెద్ద రంపం మీద కోయించు. చేత్తో కోస్తే మూలలు కలవవు.

వడ్రంగికి మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. అలమరా చేసినట్టు చేయొద్దని. అలమరాలో సన్న సందు ఉన్నా పర్వాలేదు, ఇందులో ఆ సందే ఈలవేస్తుంది. జాయింటు పొడవునా ఫెవికాల్ మెరైన్, క్లాంపులు, ఒక రోజు కదపకుండా ఉంచడం. లోపలి మూలల్లో ఫెవికాల్, రంపపు పొట్టు ముద్ద. ఎదురెదురు పలకల మధ్య అడ్డపట్టీలు. లోపల గోడలకు దిండ్లలో నింపే ఫైబర్ పలచగా అతికించు, పైపు మూతులకు అడ్డం రాకూడదు. స్పీకర్‌ని చెక్క స్క్రూలతో కాకుండా బోల్టులు, చెక్క వెనక దిగ్గొట్టే టీ నట్లతో బిగించు, చాలాసార్లు విప్పాల్సి వస్తుంది. దాని చుట్టూ ఫోమ్ టేపు వెయ్యి.

వైరింగ్‌కి ఇంటి కరెంటుకి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు, బయటికి స్పీకాన్ సాకెట్ (స్పీకర్ కేబుల్ తిప్పి బిగించేది). పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఆనిస్తే కోను బయటికి రావాలి. రెండో క్యాబినెట్ కట్టాక ఇది మరీ ముఖ్యం. ఒకటి బయటికి, ఒకటి లోపలికి కదిలితే బేస్ మాయమైపోతుంది. రెండు 8 ఓమ్‌ల క్యాబినెట్లు ప్యారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిస్తే 4 ఓమ్‌లు. నీ యాంప్ వెనక కనీసం ఎన్ని ఓమ్‌లని రాసి ఉందో చూసుకో, దానికంటే తగ్గకూడదు.

పైపుల్ని ముందు రెండు మూడు సెంటీమీటర్లు పొడుగ్గానే ఉంచి, అతికించకుండా బిగించు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, ఫోన్‌ని యాంప్‌కి కలిపి, తక్కువ వాల్యూమ్‌లో 60 హెర్ట్జ్ నుంచి కిందికి దిగుతూ రా. ఎక్కడ కోను దాదాపు ఆగిపోయి పైపులోంచి గాలి జోరుగా కొడుతుందో అదే నీ పెట్టె ట్యూనింగ్. నీ లెక్క కంటే కింద ఉంటే రెండు పైపుల్నీ సమానంగా కొద్దికొద్దిగా కోస్తూ పైకి తీసుకురా.

స్పీకర్ కొనకముందే డేటా షీట్, ముక్కల కొలతలు రాసిన కాగితం నాకు వాట్సాప్‌లో పెట్టు, లెక్క మళ్లీ వేసి చెప్తాను. వడ్రంగి దగ్గర పని జరిగేటప్పుడు ముక్కుకి మాస్క్ పెట్టుకో, ప్లై దుమ్ము మంచిది కాదు.

మీ మామయ్య
సికింద్రాబాద్