ఇంటి ఎర్త్ ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న: మాది నల్గొండలో సొంత ఇల్లు, కట్టి పాతికేళ్లు దాటింది. ఈమధ్య ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి, "స్తంభం నుంచి వచ్చే మూడో తీగ ఎర్తే, భయం లేదు" అన్నాడు. నిజమేనా? మా ఎర్త్ ఎలాంటిదో తెలుసుకునేదెలా?

జవాబు: ముందు ఫ్రిజ్ ప్లగ్ తీసేయండి. ఎర్త్ సంగతి తేలేదాకా పెట్టవద్దు.

ఆ మూడోది సర్వీసు వైరు బరువు మోయడానికి కట్టిన జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుప) తీగ అయి ఉంటుంది. దాన్ని ఎర్త్‌గా నమ్ముకోకూడదు. మన దగ్గర విడి ఇళ్లకు సాధారణంగా సింగిల్ ఫేజ్ సర్వీసంటే ఫేజ్, న్యూట్రల్ రెండే వస్తాయి. త్రీఫేజ్ అయితే మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఎర్త్ గుంత ఇంటివాళ్లే వేయించుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు అక్కడొక ఎర్త్, మన సామాన్ల బాడీలకు ఇక్కడొక ఎర్త్. ఈ పద్ధతిని భారత ప్రమాణం ఐ.ఎస్. 3043లో టీటీ అంటారు.

మీది అదేనా అని చూడాలంటే మీటరు బోర్డు దగ్గర మొదలుపెట్టండి. ఎర్త్ తీగ గోడ వెంట దిగి గుంతలోని పైపుకు చేరాలి. గుంత మూత తీసి, పైపుకు తీగ బిగించిన బోల్టును చూడండి. పాత ఇళ్లలో తెగేది ఎక్కువగా అక్కడే. ఉప్పు, తేమ కలిసి జి.ఐ. పూతను తినేస్తాయి. పైకి తీగ ఉన్నట్టే కనిపిస్తుంది, వాషర్ కింద మాత్రం తుప్పు పొడే మిగులుతుంది. రాగి తీగను నేరుగా జి.ఐ. పైపుకు చుట్టి ఉంటే ఇంకా త్వరగా పాడవుతుంది. తీగను కదపడం, విప్పడం మాత్రం మెయిన్ ఆపాకే.

తర్వాత, తెలిసినవాళ్ల చేత మూడు పిన్నుల సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్-న్యూట్రల్ 230 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఫేజ్-ఎర్త్ కూడా ఇంచుమించు అంతే. అలా కాకుండా ఫేజ్-ఎర్త్ 100 చిల్లర, న్యూట్రల్-ఎర్త్ 100 చిల్లర చూపిస్తే ఆ ఎర్త్ తీగ ఎక్కడా తగలకుండా వేలాడుతున్నట్టే.

న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులుండి, గీజరు వేస్తే కాస్త పెరిగితే కంగారు పడక్కర్లేదు. న్యూట్రల్‌లో లోడు కరెంటు పారుతోంది కాబట్టి అలా ఉంటుంది. అదే సాకెట్‌లో ఇస్త్రీపెట్టె నడుస్తున్నా కచ్చితంగా సున్నాయే చూపిస్తే అనుమానించాలి. సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు ముక్క తీగ లాగి ఉండొచ్చు. ఇది చాలా ప్రమాదకరమైన పని. ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే, నడుస్తున్న సామాను గుండా 230 వోల్టులు నేరుగా దాని బాడీ మీదికే వస్తాయి. ఆ ముక్కను ఈరోజే తీయించండి.

మల్టీమీటర్ మంచి వోల్టేజి చూపించినా గుంత మంచిదని కాదు. వేల ఓమ్‌ల ఎర్త్ ఉన్నా మల్టీమీటర్ 230 చూపిస్తుంది. గుంత నిరోధాన్ని ఎర్త్ టెస్టర్‌తో, మెయిన్ ఆపి, ఎర్త్ తీగ విప్పి కొలవాలి.

అది 10 ఓమ్‌లు వచ్చిందనుకోండి. ఫేజ్ ఫ్రిజ్ బాడీకి తగిలితే పారేది మహా అయితే 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి-రకం ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తనంతట తానే పడి సరఫరా ఆపే స్విచ్) వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. కాబట్టి అది నిమిషాల తరబడి పడకపోవచ్చు, బాడీ మీద ప్రాణాంతకమైన వోల్టేజి అలాగే నిలుస్తుంది. అందుకే టీటీ ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు నేలకు లీకైతే వెంటనే పడే స్విచ్) తప్పనిసరిగా పెట్టించుకోవాలి. దాని టెస్టు బటన్ నొక్కితే పడుతోంది కదా, ఎర్త్ బాగుందనుకోకండి. ఎర్త్ అసలు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది.

కొత్త గుంత వేయిస్తే 40 మి.మీ. జి.ఐ. పైపు, 2.5 మీటర్ల పొడవు, గోడకు 1.5 మీటర్ల దూరం. వేసవిలో నీళ్లు పోస్తుండాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ట్రాన్స్‌ఫార్మర్ మా ఆవరణలోనే ఉంది. మాదీ టీటీయేనా?

జవాబు: కాకపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్ దగ్గర నుంచి బయల్దేరిన ఎర్త్ పట్టీ, న్యూట్రల్‌తో ఎక్కడా కలవకుండా మీటర్ల ప్యానెల్‌కు వస్తే అది టీఎన్-ఎస్. పట్టీ భవనం సొంత గుంతలకే పోయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌తో కలవకపోతే టీటీ. పట్టీ ఎక్కడిదాకా పోయిందో అసోసియేషన్ ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకుని చూడండి. టీఎన్-ఎస్‌లో లోహపు దారి ఉంటుంది కాబట్టి షార్ట్ అయితే ఎం.సి.బి. వెంటనే పడుతుంది. అయినా బాత్‌రూమ్ గీజరు కోసం ఆర్.సి.సి.బి. ఉండాల్సిందే. ఫ్లాట్ లోపలి డి.బి.లో (ఎం.సి.బి.లు ఉండే పెట్టెలో) న్యూట్రల్ బార్‌నూ ఎర్త్ బార్‌నూ కలిపి ఉంటే విడదీయించండి. ఆర్.సి.సి.బి. కారణం లేకుండా పడిపోతోందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం అదే.