వంగలో ఎర్రనల్లి: ఆ నల్లటి పురుగుల్ని చంపకండి

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర లంక. అర ఎకరంలో వంగ వేశానండి. ఆకుల మీద తెల్లచుక్కలు పడి, అడుగున సన్నగా గూళ్లు కడుతున్నాయి. షాపులో ఇచ్చిన మందు రెండుసార్లు కొడితే తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఇప్పుడు ఆకుల కింద ఆవగింజ కన్నా చిన్న నల్లటి పురుగులు కూడా తిరుగుతున్నాయి. వీటికేం కొట్టాలి?

జవాబు: వాటికేమీ కొట్టకండి. ముందు భుజం మీద పంపు దింపండి.

మీరు చెప్పిన గుర్తులు ఎర్రనల్లివే. అది ఎనిమిది కాళ్ల జీవి, సాలీడుకి చుట్టం, అందుకే ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులకి లొంగదు. షాపులో ఇచ్చింది సైపర్‌మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్ మందైతే, నల్లిని తినేవన్నీ ముందు చచ్చిపోయి నల్లి మాత్రం మిగిలి, ఎండలకి వారం పది రోజుల్లోనే కొత్త తరం దిగి ఉంటుంది.

ఆ నల్లటి పురుగు బహుశా స్టెథోరస్. అక్షింతల పురుగుల్లోనే బుల్లిది, మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. ఒంటి మీద చుక్కలుండవు. దీని ప్రధాన ఆహారం నల్లే: గుడ్లు, పిల్లలు, పెద్దవి అన్నీ తింటుంది, దాని పిల్లపురుగులదీ అదే పని. నమ్మకం కుదరకపోతే గూడున్న ఆకు ఒకటి కోసి, భూతద్దంతో అడుగు భాగాన్ని ఓ ఐదు నిమిషాలు ఓపిగ్గా చూడండి.

ఒకటి మాత్రం నిజం, నల్లి బాగా పెరిగాకే ఇది వస్తుంది, కాబట్టి దీని మీదే భారం వేసి కూర్చుంటే కుదరదు. ఉదయం పూట ఆకుల అడుగు తడిసేలా నీళ్లు గట్టిగా కొట్టండి, దారి పక్క సాళ్ల మీద దుమ్ము పేరుకోనివ్వకండి. అప్పటికీ ఆగకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, నల్లి ఉధృతంగా ఉన్న మొక్కల వరకే, మిట్టమధ్యాహ్నం కాకుండా సాయంత్రం కొట్టండి. నల్లపురుగులు బాగా కనిపించే మొక్కల్ని వదిలేయండి.

అన్నట్టు, వంగ ఆకుల్ని ఈనెలు మిగిల్చి జల్లెడలా గోకేసే పురుగునీ మనవాళ్లు అక్షింతల పురుగనే అంటారు. అది దీనికి నాలుగైదింతలుంటుంది, ఇటుక రంగు, ఒంటినిండా నల్లచుక్కలు, పిల్లేమో పసుప్పచ్చగా ముళ్లతో ఉంటుంది. దాన్ని మాత్రం కనిపించినప్పుడల్లా చేత్తో ఏరి నలిపేయండి.