ట్రాక్ కారు సరే, ఆ నాలుగు నెలల జీతం జోలికి వెళ్లకండి

ప్రశ్న: నా వయసు 32. ప్రైవేటు ఉద్యోగం. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. భార్య, మూడేళ్ల పాప, మా అమ్మ ఉన్నారు. రోజూ ఆఫీసుకు వెళ్లే చిన్న హ్యాచ్‌బ్యాక్‌నే ట్రాక్ డేలకు (రేసు ట్రాక్ మీద పోటీ లేకుండా సొంత కారు నడుపుకునే రోజులు) తయారు చేయించాలని ఉంది. దాని లోను ఇంకా 22 వాయిదాలు మిగిలింది. టర్బో కిట్ (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టి పవర్ పెంచేది), ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), కాయిలోవర్లు (ఎత్తు సర్దుకోగల సస్పెన్షన్), సెమీ స్లిక్ టైర్లు (పట్టు ఎక్కువుండే ట్రాక్ టైర్లు), బకెట్ సీటు, వెనక సీటు తీసేసి రోల్ కేజ్ (కారు లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం), అన్నీ కలిపి 9 నెలల జీతం అవుతోంది. అత్యవసర నిధి కింద దాచిన 4 నెలల జీతం ఖాళీగానే పడి ఉంది, అది తీస్తాను. 3 నెలల జీతమంత పర్సనల్ లోను 14 శాతం వడ్డీకి మూడేళ్లకు వస్తోంది. మిగతా 2 నెలలది క్రెడిట్ కార్డు మీద 12 వాయిదాలు. ఇంటి ఖర్చులు, కారు వాయిదా కలిపి జీతంలో 70 శాతం పోతుంది. వాయిదా ఒక్కటే 12 శాతం. ఏడాదికి ఆరు ట్రాక్ డేలు, ఒక్కోదానికి జీతంలో 15 శాతం ఖర్చు అనుకున్నాను. కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. తర్వాత అమ్మితే పెట్టింది చాలావరకు వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదు.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరిది కారు, ఒకరిది బైకు, ఇంకొకరిది కెమెరా. వస్తువు మారుతుంది, పొరపాటు మారదు. తయారు చేయడానికి ఎంతవుతుందో పైసాతో సహా లెక్క రాస్తారు. దాన్ని నడపడానికి ఎంతవుతుంది, ఒకరోజు అది ముక్కలైతే మన మీద ఎంత పడుతుంది అన్న రెండు లెక్కలు మాత్రం కాగితం మీద కనిపించవు. పైగా మీరు రాసిన ఒక మాట దగ్గర నాకు చిర్రెత్తింది: "ఖాళీగానే పడి ఉంది."

అత్యవసర నిధి పని ఖాళీగా పడి ఉండటమే. స్పేర్ టైరు డిక్కీలో ఖాళీగా పడి ఉందని ఎవరూ అమ్ముకోరు కదా! మీ ఖర్చులు జీతంలో 70 శాతం కాబట్టి, 4 నెలల జీతం అంటే మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు కూడా కాదు, అంతకు కాస్త తక్కువే. ఒక్క జీతం మీద నలుగురు బతుకుతున్న ఇంట్లో, వాళ్లలో ఒకరు పెద్దావిడ, ఒకరు పసిపిల్ల అయినప్పుడు, నేను తొమ్మిది నెలల ఖర్చు ఉండాలంటాను. అంటే 6.3 నెలల జీతం. మీరు మిగులు అనుకుంటున్నది నిజానికి తరుగు.

ఇప్పుడు అప్పు సంగతి. 3 నెలల జీతం, 14 శాతం, మూడేళ్లు అంటే నెలకు మీ జీతంలో పది శాతం పైన ఈఎంఐ పడుతుంది. కార్డు వాయిదా దాదాపు 17 శాతం. రెండూ కలిపి 27. ఇప్పటికే పోతున్న 70కి ఇది చేరితే 97. మొదటి ఏడాదంతా నెలకు మీ చేతిలో మిగిలేది జీతంలో మూడు శాతం. పన్నెండు నెలలకు కలిపి 36 శాతం. మీ లెక్క ప్రకారమే ట్రాక్ డే ఒక్కోదానికి 15 శాతం. అంటే ఆరు కాదు, రెండు. తొమ్మిది నెలల జీతం పోసి తయారు చేసిన కారును ఏడాదికి రెండు రోజులు తిప్పి, మిగతా రోజులు వెనక సీటు లేని కారులో ఆఫీసుకు వెళ్తారన్నమాట. పాప చైల్డ్ సీటు ఎక్కడ పెడతారో మీరు రాయలేదు, నేనూ అడగను.

ఆ 15 శాతం కూడా చాలదని నా అనుమానం. ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్లు నాలుగైదు తిప్పితే మైలేజీ రోడ్డు మీద వచ్చేదాంట్లో సగానికి, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోతుంది. రోడ్డు మీద ఏళ్లు వచ్చే ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు ఇక్కడ కొద్ది రోజుల్లో అరిగిపోతాయి. ఎందుకంటే వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు అవుతుంది, అదీ ప్రతి ల్యాప్‌లో, ప్రతి పెద్ద మలుపు ముందూ. ఆ వేడి, ప్యాడ్లను నొక్కే కాలిపర్ల ద్వారా బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అదే ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగుతుంది. రెండు మూడేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్ ఎక్కితే పెడల్ మెత్తగా కిందికి వెళ్లిపోతుంది, కారు మాత్రం ఆగదు. మీ జాబితా మూడుసార్లు చదివాను. అందులో టర్బో ఉంది, బ్రేక్ ప్యాడ్లు లేవు, బ్రేక్ ఆయిల్ లేదు, హెల్మెట్ కూడా లేదు! అన్నింటికంటే చవకైనవి, అన్నింటికంటే ముందు కావాల్సినవి అవే. హెల్మెట్ కూడా బైకుది కాదు, కార్ రేసింగ్ కోసం చేసే స్నెల్ ఎస్‌ఏ ముద్ర ఉన్నది. దాని లోపలి గుడ్డ మంటను తట్టుకుంటుంది.

నేను మెకానిక్‌ని కాదు. అయినా ఇలాంటి లెక్కలు చూసీ చూసీ ఒకటి అర్థమైంది: జాబితాలో రాసిన ఏ వస్తువూ ఒంటరిగా రాదు, తన వెంట ఇంకో నాలుగింటిని తెస్తుంది. టర్బో లేకుండా తయారైన ఇంజిన్‌లో కంప్రెషన్ రేషియో, అంటే గాలీ ఇంధనాల మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి, ఎక్కువగా ఉంటుంది. దానికి టర్బో తగిలిస్తే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్‌ను కొట్టడం) మొదలవుతుంది. అది ఆపాలంటే బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, తగ్గించాలి, లేదా ఇంజిన్ విప్పాలి. పెరిగిన పవర్‌కు పాత క్లచ్ జారుతుంది, రేడియేటర్ చాలదు. ముందు చక్రాలు లాగే కారు కాబట్టి మలుపులో లోపలి చక్రం ఊరికే తిరిగి పొగ లేపుతుంది. అప్పుడు ఎల్‌ఎస్‌డీ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే భాగం) కావాలి, దాని కోసం గేర్‌బాక్స్ దించాలి. సెమీ స్లిక్ టైర్ల కథ ఇంకా చిత్రం. గ్రిప్ బాగా పెరిగితే పొడవైన మలుపుల్లో సంప్‌లోని (ఇంజిన్ అడుగున ఉండే తొట్టి) ఇంజిన్ ఆయిల్ అంతా ఒక పక్కకు పోతుంది, పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి. టైర్లు మార్చినందుకు ఇంజిన్ పోయిందంటే బయటివాళ్లు నమ్మరు, ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు మాత్రం తెలుసు. అందుకే సంప్‌లో బాఫిల్ ప్లేట్లు, అంటే ఆయిల్ పక్కకు పోకుండా ఆపే అడ్డుపలకలు, పెట్టించుకుంటారు. మీ 9 నెలల జీతంలో ఇవేవీ లేవు. ఇలాంటి పనులు అనుకున్న లెక్కలో ముగియడం నేను చూడలేదు. సగంలో ఆగితే విప్పిన ఇంజిన్ షెడ్డులో ఉంటుంది, ఈఎంఐ మాత్రం నెల నెలా టంచనుగా కట్ అవుతుంది.

రోల్ కేజ్ గురించి ఒక్క మాట, ఇది డబ్బు విషయం కాకపోయినా. హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చున్నవాడికి అది రక్ష. హెల్మెట్ లేకుండా మామూలు బెల్టుతో ఆఫీసుకు వెళ్లేవాడికి తల పక్కనే ఇనుప గొట్టం. ఒకే కారు రోజూ తిరగడానికీ, ట్రాక్‌కూ అనుకున్నప్పుడు కేజ్ మాట మరిచిపోండి.

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది" అన్నారు. పాలసీ కాగితం తీసి, ఏవేవి వర్తించవో రాసిన పేజీ చదవండి. రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్ వంటి మాటలు దాదాపు ప్రతి మోటారు పాలసీలో మినహాయింపుల కింద ఉంటాయి. ట్రాక్ డే పోటీ కాదు కదా అని మీరు వాదించవచ్చు, క్లెయిమ్ చూసేవాడు ఒప్పుకోవాలి. కొన్ని పాలసీల్లో ఏ మోటారు సర్క్యూట్ మీద నడిపినా వర్తించదని నేరుగానే రాసి ఉంటుంది. అది ఒక ఎత్తు. టర్బో పెట్టిన సంగతి కంపెనీకి చెప్పకపోతే, ట్రాక్ మీద కాదు, కూరగాయల సంచితో ఇంటికి వస్తూ గుద్దుకున్నా క్లెయిమ్ తిరస్కరించే వీలు వాళ్లకు దొరుకుతుంది. లోను తీరేదాకా ఆ కారు మీద అప్పిచ్చినవాళ్లకూ హక్కుంటుంది, వాళ్ల ఒప్పందంలో మార్పుల గురించి ఏముందో కూడా చూడండి. ఇక ట్రాక్ గేటు దగ్గర మీ చేత సంతకం పెట్టించుకునే కాగితం సారాంశం ఒక్కటే: ఏం జరిగినా బాధ్యత నాదే.

మీ మీద పడేది మీ కారు ఖర్చు ఒక్కటే కాదు. జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ పాత సర్క్యూట్ ఉంది, 20.8 కిలోమీటర్లు. టికెట్ కొని ఎవరైనా సొంత కారు తిప్పవచ్చు. అక్కడ ట్రాక్ పక్కన ఉండే ఇనుప కంచెను గుద్దితే కారు ఎటూ పోతుంది, ఆ కంచె బాగు చేసిన బిల్లు కూడా గుద్దినవాడికే వస్తుంది. అక్కడ ఇది అందరికీ తెలిసిన సంగతే. మీరు వెళ్లే ట్రాక్‌లో పద్ధతి ఏమిటో ముందే అడగండి.

ఇప్పుడు మీ ప్లాన్‌లో చెడ్డ రోజు ఎలా ఉంటుందో చూద్దాం. మొదటి ట్రాక్ డే, మూడో సెషన్, టైర్లు వేడెక్కి జారాయి, కారు గోడకు కొట్టుకుని పనికిరాకుండా పోయింది. మీకు దెబ్బ తగల్లేదనే అనుకుందాం. కారు లోను 22 వాయిదాలు అంటే 2.6 నెలల జీతం ఇంకా కట్టాలి. పర్సనల్ లోను వడ్డీతో 3.7. కార్డు 2. మొత్తం 8.3 నెలల జీతం బాకీ, లేని కారు మీద. ఇన్సూరెన్స్ రాదు. అత్యవసర నిధి ఆ కారులోనే పోయింది. సోమవారం ఆఫీసుకు వెళ్లడానికి బండి లేదు. ఆ నెలలోనే అమ్మగారు ఆసుపత్రిలో చేరితే? విడివిడిగా వస్తే తట్టుకోగలిగిన దెబ్బలన్నింటినీ మీ ప్లాన్ ఒకే రోజుకు చేర్చి పెట్టింది.

నా దగ్గరికి వచ్చిన ఒకాయనకు అచ్చంగా ఇలాగే జరిగింది. కాకపోతే ఆయన అత్యవసర నిధి ముట్టుకోలేదు. కారు పోయింది, ఏడాదిన్నర బాధపడుతూ అప్పు కట్టాడు, ఇల్లు మాత్రం మామూలుగా నడిచింది. ఇప్పుడు మళ్లీ ట్రాక్‌కు వెళ్తున్నాడు, అప్పు లేని పాత కారుతో.

అమ్మితే పెట్టింది వస్తుందన్న ఫ్రెండ్స్‌ను, వాళ్లే కొంటారేమో అడిగి చూడండి. మోడిఫై చేసిన కారు కొనేవాడికి మొదట వచ్చే అనుమానం, దీన్ని ఎంత బాది ఉంటారో అని. పాత ఒరిజినల్ పార్ట్స్ దాచి ఉంచి, తిరిగి బిగించి, కొత్తవాటిని విడిగా అమ్ముకుంటే కొంత వస్తుంది. ఆ కొంత మీద లెక్కలు కట్టకండి.

మరి ఏం చేయాలి? మీకు ఇప్పుడు నెలకు జీతంలో 30 శాతం మిగులుతోంది. అందులో 20 శాతం అత్యవసర నిధికి పంపండి. ఏడాదికి 2.4 నెలల జీతం చేరి, 4 కాస్తా 6.4 అవుతుంది. నేనడిగిన తొమ్మిది నెలల ఖర్చు వచ్చేసినట్టే. మిగతా 10 శాతం మీ సరదాకు, వేరే ఖాతాలో. ఏడాదికి 1.2 నెలల జీతం. దాంతో మంచి హెల్మెట్, కొత్త బ్రేక్ ఆయిల్, ట్రాక్‌కు తగ్గ ప్యాడ్లు, రెండు మూడు ట్రాక్ డేలు వస్తాయి. అదీ ఇన్సూరెన్స్ వర్తించకపోతే కారు పోయినా పర్లేదు అనుకోగలిగినప్పుడే. లోను ఉన్న కారు విషయంలో నేను అలా అనుకోలేను. కాబట్టి ఆ 22 వాయిదాలు తీరేదాకా ట్రాక్ వాళ్లు అద్దెకిచ్చే కారుతో, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చోగా నేర్చుకోండి. ఇంజిన్ పవర్ పెంచడం కంటే నడిపేవాడు నేర్చుకుంటేనే ల్యాప్ టైమ్ ఎక్కువ తగ్గుతుందని ఈ రంగంలో ఎవరిని అడిగినా చెబుతారు.

తర్వాత కూడా కోరిక అలాగే ఉంటే, ఎవరో తయారు చేయించి విసిగిపోయి అమ్ముతున్న ట్రాక్ కారు కొనండి, నగదుతో. పార్ట్స్ ఖర్చంతా ఆయన భరించి ఉంటాడు. కొన్ని దేశాల్లో ఒక్క రోజుకు ట్రాక్ డే పాలసీలు అమ్ముతారు. దొరికితే తీసుకోండి, కానీ మన వాటా కింద ఎంత కట్టాలో, గోడ ఖర్చు అందులో ఉందో లేదో చూడండి. టర్మ్ పాలసీ, ప్రమాద బీమా ఉంటే వాటికీ ఈ అలవాటు సంగతి చెప్పండి. ప్రపోజల్ ఫారంలో ప్రమాదకరమైన హాబీల గురించి అడిగే ప్రశ్న ఊరికే పెట్టలేదు. అసలు టర్మ్ పాలసీయే లేకపోతే, మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి అనుమానంగా ఉంది, ముందు అది తీసుకుని తర్వాత ట్రాక్ గురించి ఆలోచించండి.

ఈ వారం చేయాల్సింది రెండు పనులు. మీ మోటారు ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి: సర్క్యూట్ మీద పోటీ లేకుండా నడిపినప్పుడు నా పాలసీ వర్తిస్తుందా, కారుకు ఫలానా మార్పులు చేస్తే ప్రీమియం ఎంత మారుతుంది అని. ఫోన్లో చెప్పే జవాబు వద్దు, రాతలో కావాలి. రెండోది, టర్బో కిట్‌కు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే వెనక్కి అడగండి. ఇవ్వనంటే ఆ కాస్త వదులుకోండి, అది పోతుందని చెప్పి మిగతాది మాత్రం కట్టకండి.