ఐదో నెలలో యూరిన్ మంట: వేడి చేసిందని సరిపెట్టుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. ఇప్పుడు ఐదో నెల. నెల తప్పిన కొత్తలో మాటిమాటికీ యూరిన్‌కి వెళ్లాల్సి వచ్చేది. తర్వాత తగ్గింది. నాలుగు రోజులుగా మళ్లీ మొదలైంది. ఆపుకోలేక పరుగెత్తితే నాలుగు చుక్కలే వస్తున్నాయి, చివర్లో మంట. జ్వరం లేదు. ఇంట్లోవాళ్లు ‘వేడి చేసింది, నీళ్లు బాగా తాగు’ అంటున్నారు. మా అక్క ఇలాగే వచ్చినప్పుడు వాడగా మిగిలిన మాత్రలున్నాయి. వేసుకోవచ్చా?

సలహా: వద్దు, ఆ మాత్రలు ముట్టుకోకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

గర్భం వచ్చాక కిడ్నీలు దాదాపు 50 శాతం ఎక్కువగా రక్తాన్ని వడపోస్తాయి. పైగా మొదటి మూడు నెలలు గర్భసంచి మూత్రాశయం మీదే ఒరిగి ఉంటుంది. అది పొట్టలోకి పైకి లేచాక కాస్త ఊపిరి సలుపుతుంది. నెలలు నిండి బిడ్డ తల కిందికి దిగితే మళ్లీ అదే కథ. రాత్రి రెండుమూడు సార్లు లేవాల్సి వచ్చినా, మంట, నొప్పి లేకపోతే టెన్షన్ పడక్కర్లేదు.

మీ విషయం అలా లేదు. గర్భం వల్ల యూరిన్‌కి ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది గానీ, మంట రాదు. మంట ఉందంటే ఇన్ఫెక్షన్ ఉందేమోనని చూడాల్సిందే. ఈ సమయంలో ప్రొజెస్టరాన్ హార్మోన్ వల్ల కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టాలు వదులై, యూరిన్ నెమ్మదిగా కదులుతుంది. ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా పైకి పాకడానికి అది చాలు. కొందరికి మంట కూడా ఉండదు, పరీక్షలోనే బయటపడుతుంది. వదిలేస్తే కిడ్నీకి పాకొచ్చు, నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. నీళ్లు తాగడం మంచిదే, మానకండి. కానీ వాటితోనే ఇన్ఫెక్షన్ పోతుందని కూర్చోవద్దు.

మీకు కావాల్సింది యూరిన్ కల్చర్, అంటే యూరిన్‌లో ఏ బ్యాక్టీరియా ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. శాంపిల్ సరిగ్గా ఇవ్వకపోతే రిపోర్టులో అన్ని రకాల బ్యాక్టీరియా కలిసిపోయి, మళ్లీ మొదటికొస్తుంది. ముందు ఆ భాగాన్ని నీళ్లతో కడుక్కోండి. మొదట వచ్చే కాస్త యూరిన్‌ని వదిలేసి, ధార ఆపకుండానే మధ్యలోది డబ్బాలో పట్టండి. డబ్బా లోపల, మూత లోపల వేలు తగలనివ్వద్దు. వెంటనే ల్యాబ్‌లో ఇచ్చేయండి. యాంటీబయోటిక్ మొదటి మాత్ర పడకముందే శాంపిల్ ఇవ్వాలి, పడ్డాక ఇస్తే బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు.

రిపోర్టుకు రెండుమూడు రోజులు పడుతుంది. అవసరమనుకుంటే ఈలోపే డాక్టర్ మందు మొదలుపెడతారు. ఇక అక్క మాత్రల సంగతి. ఈ ఇన్ఫెక్షన్‌కి వాడే యాంటీబయోటిక్స్‌లో ట్రైమెథోప్రిమ్‌ని మొదటి మూడు నెలల్లో ఇవ్వం. నైట్రోఫ్యురాంటోయిన్‌ని కాన్పు దగ్గరపడ్డాక ఇవ్వం. సిప్రోఫ్లాక్సాసిన్ జోలికి మామూలుగా గర్భిణుల్లో వెళ్లం. అక్క వాడింది వీటిలో ఏదో మనకు తెలియదు, అదీగాక మిగిలిన నాలుగు మాత్రలు కోర్సుకు చాలవు. మీకు రాసిన కోర్సు మాత్రం రెండో రోజుకే మంట తగ్గినా చివరిదాకా వాడండి. అయ్యాక మరోసారి కల్చర్ చేయించమంటారు, దాన్ని ఎగ్గొట్టకండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, చలితో వణుకు వచ్చినా, పక్కటెముకల కింద వెనకవైపు నొప్పి పుట్టినా, మాత్ర కూడా నిలవనంతగా వాంతులైనా, యూరిన్‌లో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పొట్ట పదేపదే గట్టిపడుతున్నా అంతే. దగ్గినప్పుడు రెండు చుక్కలు పడటం చాలామందికి ఉండేదే. ఆగకుండా నీళ్లలా కారుతుంటే మాత్రం అది ఉమ్మనీరు కావచ్చు. ప్యాడ్ పెట్టుకుని వెళ్లి చూపించండి.

ఇవేవీ లేకపోతే మీరు కంగారుపడొద్దు, అలాగని తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు. రేపే వెళ్లండి. మీకు ఏదైనా మందు పడదని తెలిసి ఉంటే, చీటీ రాయకముందే డాక్టర్‌కి ఆ పేరు చెప్పండి.