ఆ అంకెలు వెండర్ చెప్పేవి కావు

"మా హోల్‌సేల్ షాపుకి బ్యాకప్ పెట్టే వెండర్ ఆర్‌టీఓ 4 గంటలు, ఆర్‌పీఓ 24 గంటలు అని రాసిచ్చాడు, సంతకం పెట్టొచ్చా?" అని అడిగారు. ఆర్‌టీఓ అంటే సిస్టమ్ పోయాక ఎంతసేపట్లో మళ్లీ లేవాలి అన్నది, ఆర్‌పీఓ అంటే ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం అన్నది. సంతకం అప్పుడే పెట్టకండి. సిస్టమ్ పోయిన రోజు కౌంటర్‌లో జనానికి జవాబు చెప్పే మనిషిని ముందు అడగండి.

ఖమ్మం మిర్చి మార్కెట్‌లో మా మామయ్య అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణం సిస్టమ్ నేనే చూసేవాణ్ణి. మార్చి నెల, సరుకు పోటెత్తే రోజులు. జెండా పాట (వేలం) అయిపోయి కాంటాలు నడుస్తుంటే హార్డ్ డిస్క్ పోయింది. తక్‌పట్టీల (అమ్మకం లెక్క చీటీల) కోసం రైతులు గుమ్మంలో నిలబడ్డారు. బయట వాళ్ల కిరాయి బండ్లు ఆగి ఉన్నాయి. వేరే కంప్యూటర్ తెచ్చి పెన్‌డ్రైవ్ పెడితే, రోజూ రాత్రి పడాల్సిన కాపీ మూడు రోజుల కిందే ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ నిండిపోయిన సంగతి ఎవరూ చూడలేదు.

గుమస్తా కాంటా చీటీలు ముందేసుకుని రాత్రి రెండింటి దాకా ఎక్కించాడు. అమ్మకాలన్నీ తిరిగొచ్చాయి. రైతులకిచ్చిన అడ్వాన్సులకు మాత్రం చీటీల్లేవు, నేరుగా సిస్టమ్‌లోనే రాసేవాళ్లం. "నేను తీసుకున్నది ఇరవై వేలే సేటూ" అన్నాడో పెద్దాయన. మామయ్యకు పాతిక వేలని గుర్తు. ఇరవైకే రాయించాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకు తెలుసు. అందుకే ఇప్పటికీ బాధేస్తుంది.

కాగితం చూసి మళ్లీ రాసుకోగలిగేది ఒక రోజుది పోయినా తట్టుకోవచ్చు. కాగితం లేనిది పది నిమిషాలది పోయినా గొడవే. రెండింటికీ ఒకే 24 గంటలు ఎలా పెడతారు?

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. బ్యాకప్ ఫెయిలవుతోందని చెప్పే మెయిళ్లు అంతకుముందే ఎవరికీ చేరడం లేదు. ఆరు గంటల ముందు ఒక ఇంజనీరు తీసిన కాపీ ఉంది కాబట్టి బయటపడ్డారు. అయినా సైట్ తిరిగి లేవడానికి దాదాపు 18 గంటలు పట్టింది.

"క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా" అనే వెండర్లంటే నాకు ఒళ్లు మంట. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేదాన్ని బ్యాకప్ అని అమ్ముతారు.

ఇప్పుడు మా దుకాణంలో సీజన్‌లో అరగంటకోసారి, మిగతా నెలల్లో రోజుకోసారి కాపీ పడుతుంది. అడ్వాన్సుకు చీటీ తప్పనిసరి. గంటలో లేపాలని మామయ్య పట్టుబడితే, ఒక ఆదివారం ఖాళీ కంప్యూటర్‌లో ఎక్కించి చూశాం. గంటా యాభై నిమిషాలు పట్టింది. అందులో సగం పైన సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికే పోయింది. అందుకని అన్నీ ఎక్కించి సిద్ధంగా ఉంచిన పాత కంప్యూటర్ ఒకటి బల్ల కింద పెట్టుకున్నాం.